బుల్లెట్‌కి శాటిలైట్ రేడియో: పెట్టె పలకదు, వైరింగ్ మాత్రం పనికొస్తుంది

మీ ప్రశ్నని ముందు క్లుప్తంగా చెబుతాను, తర్వాత చదివేవాళ్లకీ సంగతి తెలుస్తుంది. డాలస్‌లో ఉండే మీ బావగారు సెలవులకి వస్తూ తన పాత సిరియస్ ఎక్స్‌ఎం శాటిలైట్ రేడియో సెట్టు, దాని యాంటెన్నా, డాకు (సెట్టుని కూర్చోబెట్టే స్టాండు), కారు అడాప్టరు తెచ్చిచ్చారు. మీరు రోజూ గుంటూరు నుంచి విజయవాడకి 350 బుల్లెట్ మీద ఉద్యోగానికి వెళ్లొస్తారు. ఆ సెట్టుని బండికి ఎలా బిగించాలి, యాంటెన్నా ఎక్కడ పెట్టాలి, కరెంటు ఎక్కణ్ణుంచి తీసుకోవాలి, హెల్మెట్‌లోకి పాట ఎలా తెచ్చుకోవాలి అని అడిగారు.

చేదు మాట ముందే చెప్పేస్తాను. ఆ సెట్టు మన దగ్గర పలకదు. సెట్టులో లోపం ఉండి కాదు. సిరియస్ ఎక్స్‌ఎం అమెరికా, కెనడాల కోసం నడిచే సర్వీసు. 2001లో ఎక్స్‌ఎం, 2002లో సిరియస్ వేర్వేరు కంపెనీలుగా మొదలై 2008లో ఒకటయ్యాయి. ఎక్స్‌ఎం వాళ్లు మొదట పెట్టిన రెండు ఉపగ్రహాలు భూమధ్యరేఖ మీద, పశ్చిమ రేఖాంశం 85, 115 డిగ్రీల దగ్గర నిలబెట్టినవి. మనం ఉన్నది తూర్పు 80 డిగ్రీల మీద. అంటే అవి భూమికి అవతలి వైపు ఉన్నట్టే. యాంటెన్నాని ఎటు తిప్పినా భూగోళమే అడ్డం. సెట్టు ఆన్ అవుతుంది, తెర వెలుగుతుంది, సిగ్నల్ కోసం వెతుకుతూనే ఉంటుంది. ఎవరైనా మెకానిక్ 'మంచి యాంటెన్నా వేస్తే వస్తుంది సార్' అంటే మాత్రం జేబులో చెయ్యి పెట్టకండి.

మనకి అసలు శాటిలైట్ రేడియో అనేదే లేదా అంటే, ఒకప్పుడు ఉండేది. వరల్డ్‌స్పేస్ గుర్తుందా? 2000 మార్చిలో ఆసియాస్టార్ అనే ఉపగ్రహాన్ని తూర్పు 105 డిగ్రీల మీదకి పంపారు. తెలుగుకి స్పందన అని ఒక ఛానెల్, కర్ణాటక సంగీతానికి శ్రుతి, పాత హిందీ పాటలకి ఫరిష్తా. ఎ.ఆర్. రెహమాన్ దానికి ప్రచారకర్త. చందా కట్టి వినాలి, ప్రకటనల గోల తక్కువ. 2008 అక్టోబరులో ఆ కంపెనీ అమెరికా కోర్టులో దివాలా పిటిషన్ వేసింది. 2009 డిసెంబరు 31తో మన దేశంలో సర్వీసు ఆగిపోయింది. ఆ సెట్లు ఇంకా కొందరి అటకల మీద ఉన్నాయి. ఇప్పుడు అవి బరువుకి తప్ప దేనికీ పనికిరావు.

ఆ రోజుల్లో నాది రేడియో రిపేరు పని, ఇప్పుడు బండ్ల ఎలక్ట్రికల్ పని. వరల్డ్‌స్పేస్ సెట్టుని నా చేతక్ స్కూటరుకి కట్టిన ఘనుణ్ణి నేను. ఆ కథ చెబితే మీరడిగిన యాంటెన్నా ప్రశ్నకి సగం జవాబు అందులోనే దొరుకుతుంది.

విజయవాడ నుంచి చూస్తే ఆసియాస్టార్ ఆగ్నేయంలో, నేల నుంచి సుమారు 56 డిగ్రీల ఎత్తులో ఉండేది. ఇళ్లలో సెట్టు పెట్టేటప్పుడు 'వంటగది మూల వైపు తిప్పి పైకి వాల్చండమ్మా' అనేవాణ్ణి. వాస్తు ప్రకారం కట్టిన ఇంట్లో దిక్సూచి అక్కర్లేదు. దాని యాంటెన్నా చదునైన పలక లాంటిది, ఉపగ్రహం వైపు చూస్తేనే అందుకుంటుంది. స్కూటరు వెనక స్టెప్నీ మీద ఇనుప పట్టీ వంచి, పలకని కుడి పక్కకి వాల్చి బిగించాను. గుంటూరు నుంచి విజయవాడకి దారి ఈశాన్యంగా పోతుంది కాబట్టి ఆగ్నేయం నా కుడి భుజం వైపు. పెదకాకాని దాటింది మొదలు తాడేపల్లి దాకా శ్రుతి ఛానెల్లో కచేరీ, మధ్యలో చెట్ల కింద నాలుగైదు చోట్ల తెగింది అంతే. వారధి ఎక్కేసరికి నా అంత మొనగాడు లేడనుకున్నాను. సాయంత్రం తిరిగొస్తుంటే ఒక్క ముక్క పలకలేదు. ఇంటికొచ్చి సెట్టు విప్పాను, టంకాలన్నీ మళ్లీ వేశాను, కేబుల్ మార్చాను. మర్నాడు పొద్దున బ్రహ్మాండంగా పాడింది. మళ్లీ సాయంత్రం మూగనోము.

నాలుగో రోజుకి గానీ బోధపడలేదు. బండి వెనక్కి తిరిగితే కుడి పక్క వాయవ్యం అవుతుంది. ఉపగ్రహం ఎడమ భుజం మీద ఉంటే నా పలక అచ్చంగా దానికి వీపు పెట్టి కూర్చుంది. వెళ్లేటప్పుడు కచేరీ, వచ్చేటప్పుడు మౌనవ్రతం!

సిరియస్ ఎక్స్‌ఎం యాంటెన్నా అలా కాదు. దాన్ని నేలకి సమాంతరంగా పడుకోబెడితే చాలు, ఆకాశం నలువైపులా చూస్తుంది. పైగా అక్కడ పెద్ద ఊళ్లలో నేల మీద రిపీటర్లు ఉంటాయి, మేడల మధ్య ఉపగ్రహం కనపడకపోయినా అవి అందిస్తాయి. సెట్టు కొన్ని సెకన్ల పాటని ముందే దాచుకుంటుంది కాబట్టి వంతెన కింద దూరినా తెగినట్టు తెలియదు. అందుకే అక్కడ మోటారుసైకిళ్లకి కూడా కుదిరింది. మీ బావగారికి అక్కడ బండి ఉంటే ఈ నాలుగు మాటలు చెప్పండి. యాంటెన్నా అడుగున అయస్కాంతం ఉంటుంది, దాని కింద ఇనప రేకు ఉంటేనే సరిగ్గా పనిచేస్తుంది. ప్లాస్టిక్ ఫెయిరింగ్ (బండి ముందు భాగాన్ని కప్పే తొడుగు) అయితే అరచేయంత రేకు ముక్క కింద వెయ్యాలి. వెనక పెట్టె మూత మీద పెట్టడం మేలు. ట్యాంకు మీద పెడితే నడిపేవాడి ఒళ్లే అడ్డం, ఎందుకంటే మన ఒంట్లో ఉన్నదంతా నీళ్లే, ఆ తరంగాలు 2.3 గిగాహెర్ట్జ్ దగ్గరవి, నీళ్లకి లొంగుతాయి. కేబుల్ పొడవు ఎక్కువైందని కత్తిరించకూడదు, పెద్ద చుట్టగా చుట్టి సీటు కింద పెట్టుకోవాలి. అక్కడికి ఆ సంగతి సరి.

ఇక మన సంగతి. మీకు నిజంగా కావలసింది శాటిలైట్ కాదు, దారిలో పాటో వార్తలో వినడం. దానికి ఫోన్ చాలు. ప్రసార భారతి వాళ్ల న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో ఆకాశవాణి కేంద్రాలు చాలా వస్తాయి. డేటా గురించి భయపడతారు కానీ లెక్క చిన్నది. 64 కిలోబిట్ల ప్రసారం గంటకి సుమారు 29 మెగాబైట్లు తింటుంది. రానూ పోనూ రెండు గంటలనుకున్నా 60 మెగాబైట్లు. పొద్దున్నే మీ ఫోన్‌కి వచ్చే గుడ్ మార్నింగ్ వీడియోలు అంతకన్నా ఎక్కువ తింటాయి.

డేటా కూడా వద్దు, అసలు రేడియోనే కావాలంటే ఎఫ్‌ఎం. విజయవాడ రెయిన్‌బో కృష్ణవేణి 102.2, మిర్చి 98.3. బండి మీద ఎఫ్‌ఎంకి 75 సెంటీమీటర్ల వైరు నిలువుగా ఉంటే సరిపోతుంది, అది ఆ తరంగం పొడవులో పావు వంతు. ఫోన్‌లో ఎఫ్‌ఎం ఉంటే ఇయర్‌ఫోన్ తీగే యాంటెన్నా. ఆకాశవాణి విజయవాడ మీడియం వేవ్ 837 కిలోహెర్ట్జ్ నాకు చిన్నప్పటి నుంచీ ప్రాణం. కానీ బండి మీద దాని జోలికి పోవద్దనే చెబుతాను. స్పార్క్ ప్లగ్గు కొట్టే ప్రతి మెరుపూ మీడియం వేవ్‌లో చిటపటమని వినపడుతుంది. రెసిస్టర్ ప్లగ్గు వేస్తే కొంత తగ్గుతుంది. ప్లగ్గు నంబర్లో ఆర్ అక్షరం ఉందో లేదో చూసుకోండి. అయినా పూర్తిగా పోదు. అది ఇంట్లో వినాల్సిన స్టేషను.

'డీడీ ఫ్రీ డిష్‌లో రేడియో ఛానెళ్లు వస్తాయి కదా, అది శాటిలైటే కదా' అని ఎవరో ఒకరు అడుగుతారు. నిజమే, జీశాట్ 15 నుంచి ఆకాశవాణి ఛానెళ్లు ఉచితంగా వస్తాయి. కానీ దానికి రెండడుగుల డిష్షు కదలకుండా గురిచూసి నిలబడాలి. బండి ఆపి, డిష్షు దించి, గురి కుదిరి, వార్తలు విని, మళ్లీ బయల్దేరే ఓపిక ఉంటే మీ ఇష్టం.

ఇప్పుడు అసలు పని, కరెంటు. సెట్టు ఏదైనా, ఫోన్ అయినా, రేపు ఇంకేదైనా వచ్చినా ఈ భాగం మారదు. కాబట్టి దీని మీద పెట్టిన డబ్బు వృథా పోదు.

ముందొక హెచ్చరిక. బావగారిచ్చిన డాకుని నేరుగా బ్యాటరీకి కలిపి చూద్దామనుకుంటారేమో. ఇలాంటి సెట్లు చాలావరకు 5 వోల్టులవి, 12ని 5 చేసేది తోడుగా వచ్చిన కారు అడాప్టరే. అది లేకుండా 12 ఇస్తే క్షణంలో కాలిపోతుంది. ఇంజను తిరుగుతున్నప్పుడు బ్యాటరీ దగ్గర 14 వోల్టుల పైన ఉంటుంది, 12 కాదు.

మన ఊళ్లో సాధారణంగా ఏం చేస్తారంటే హారన్ వైరుకో హెడ్‌లైటు వైరుకో బ్లేడుతో గీరి, యూఎస్‌బీ సాకెట్టు వైరు మెలేసి, నల్ల టేపు చుట్టేస్తారు. పావుగంట పని. మొదటి వానాకాలానికి ఆ టేపు జిగురు కారిపోయి వైరు పచ్చబడుతుంది, రెండో వానాకాలానికి హారన్ మోగదు. ఇలాంటి బండ్లు నా దగ్గరకి నెలకి రెండు మూడు వస్తాయి.

సరైన పద్ధతి ఇది. బ్యాటరీ పాజిటివ్ నుంచి ఒక వైరు తీసుకోండి, ఒక చదరపు మిల్లీమీటరు మందం చాలు. బ్యాటరీకి జానెడు లోపే 3 ఆంపియర్ల ఫ్యూజు వెయ్యండి. ఫ్యూజు కాపాడేది సెట్టుని అనుకుంటారు చాలామంది. అది కాపాడేది వైరుని, వైరు పక్కనున్న పెట్రోలు ట్యాంకుని. అందుకే అది బ్యాటరీ దగ్గర ఉండాలి, హ్యాండిల్ దగ్గర కాదు. ఆ వైరు నాలుగు కాళ్ల రిలేలో (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపి విడదీసే స్విచ్చు) 30వ కాలికి. 87వ కాలి నుంచి మీ యూఎస్‌బీ అడాప్టరుకి. 86కి టెయిల్ ల్యాంప్ వైరు నుంచి సన్న తీగ. 85 ఎర్త్‌కి. 2017 ఏప్రిల్ తర్వాత వచ్చిన బండ్లకి హెడ్‌లైటు ఎప్పుడూ వెలిగే ఉంటుంది కదా, టెయిల్ ల్యాంపూ దాంతోపాటే. కాబట్టి బండి నడుస్తుంటేనే రిలే కలుస్తుంది, తాళం ఆఫ్ చేస్తే విడిపోతుంది. మీరు ఏదీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు.

ఈ రిలే గోల ఎందుకు, నేరుగా కలిపేస్తే పోలేదా అంటే లెక్క చూడండి. 350 బుల్లెట్లకి మోడల్‌ని బట్టి 8 నుంచి 14 ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఉంటుంది. నీలం లైటు వెలిగే ఆ చవక సాకెట్లు ఫోన్ పెట్టకపోయినా 20 మిల్లీ ఆంపియర్లు తాగుతాయనుకోండి, రోజుకి అర ఆంపియర్ అవర్. సంక్రాంతికి అత్తారింటికి వెళ్లి పది రోజులు బండి వదిలేస్తే 8లో 5 దాకా పోయాయి. పండగ నుంచి తిరిగొచ్చి సెల్ఫ్ కొడితే టిక్కుమంటుంది. అప్పుడు తప్పు బ్యాటరీ కంపెనీ మీదకి పోతుంది పాపం.

నెగటివ్ వైరు గురించి ఎవరూ పట్టించుకోరు. అక్కడే ఉంది తిరకాసు. ఛాసిస్‌కి ఎక్కడో ఒకచోట బోల్టు బిగించి 'బాడీ ఎర్త్' అంటారు. లైటుకి పరవాలేదు. ఆడియోకి కుదరదు. ఛాసిస్ మీద రంగు ఉంటుంది, తుప్పు ఉంటుంది, ఇంజన్లో కరెంటు పుట్టించే కాయిల్ ప్లేటు నుంచి దాన్ని బ్యాటరీకి సరిచేసే ఆర్ఆర్ యూనిట్ (రెగ్యులేటర్ రెక్టిఫయరు) దాకా పోయే కరెంటు చిందర వందర అంతా ఆ దారినే తిరుగుతుంది. నెగటివ్‌ని కూడా బ్యాటరీ కాలికే తీసుకెళ్లండి.

అలా చేసినా, ఫోన్‌ని ఛార్జింగ్‌లో పెట్టి ఆడియో తీగతో ఏ ఆంప్లిఫయరుకో కలిపితే 'కుయ్య్' మని ఒక రాగం మొదలవుతుంది. యాక్సిలరేటరు పెంచితే శ్రుతి పెరుగుతుంది, తగ్గిస్తే తగ్గుతుంది. దాన్ని బట్టే అది ఇంజను నుంచి వస్తోందని తెలుసుకోవచ్చు. ఎర్త్ రెండు దార్లలో వెళ్తోందన్నమాట, ఛార్జరు ద్వారా ఒకటి, ఆడియో తీగ ద్వారా ఒకటి. ఈ రోగం పట్టుకోలేక సెట్లు మార్చినవాళ్లని చూశాను. మందు రెండు రకాలు. గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ అని చిన్న డబ్బీ దొరుకుతుంది, లోపల బుల్లి ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి, ఆడియో తీగ మధ్యలో పెడితే రాగం ఆగుతుంది. లేదా బ్లూటూత్ వాడండి. అప్పుడు తీగే లేదు, లూపూ లేదు. బండి మీద బ్లూటూత్‌కి నేను ఓటేసేది సౌండు బాగుంటుందని కాదు, ఈ పీడ ఉండదని.

ఫోన్ ఎక్కడ పెట్టాలి? హ్యాండిల్ మీద వద్దు. వినడానికి తెరతో పనేముంది? బుల్లెట్ ఒంటి సిలిండరు దరువు హ్యాండిల్ మీదకే ఎక్కువ వస్తుంది. మోటారుసైకిల్ కంపనాలకి ఐఫోన్ కెమెరా పాడయ్యే ప్రమాదం ఉందని 2021లో ఆపిల్ కంపెనీయే చెప్పింది. మే నెలలో బెజవాడ ఎండ సంగతి వేరే చెప్పాలా, నల్ల తెర మీద అరగంట పడితే ఫోన్ వేడెక్కి తనే ఆగిపోతుంది. ట్యాంకు మీద చిన్న సంచీలోనో, లోపలి జేబులోనో పెట్టుకోండి. జేబులో పెట్టేట్టయితే ఛార్జింగ్ తీగ పెట్టకండి, బండి దిగేటప్పుడు మర్చిపోయి దిగుతారు, సాకెట్టు ఊడి చేతికొస్తుంది. ఇది నా అనుభవమే.

వానకన్నా వాటర్ సర్వీసు ప్రమాదం. వాన పైనుంచి పడుతుంది, ఆ పైపు నీళ్లు కింద నుంచి, పక్క నుంచి కొడతాయి. రిలే, అడాప్టరు సీటు కిందో సైడ్ ప్యానెల్ లోపలో కాళ్లు కిందికి ఉండేట్టు కట్టండి. అతుకులకి టంకం వేసి హీట్ ష్రింక్ స్లీవు (వేడి తగిలితే బిగుసుకునే గొట్టం) తొడగండి. హ్యాండిల్ దగ్గర వైర్లకి మాత్రం కొంచెం వదులు ఉంచాలి, రెండు పక్కలా పూర్తిగా తిప్పి లాగుతోందేమో చూసుకున్నాకే కట్టెయ్యాలి.

హెల్మెట్ దగ్గర నేను కొంచెం చాదస్తంగా ఉంటాను, ఏమీ అనుకోకండి. చెవుల్లోకి దూర్చే ఇయర్‌ఫోన్లు వద్దు. పోలీసులు ఆపి జరిమానా రాయడం ఒక సంగతి. జాతీయ రహదారి 16 మీద లారీ హారన్ వినపడకపోవడం అసలు సంగతి. హెల్మెట్ లోపల అతికించే పలచటి బ్లూటూత్ స్పీకర్లు తీసుకోండి, చెవి రంధ్రానికి సరిగ్గా ఎదురుగా పెట్టండి. రెండు సెంటీమీటర్లు పక్కకి జరిగినా సగం సౌండు పోతుంది, అప్పుడు స్పీకరు చవకదని తిట్టుకుంటారు. స్పీకరు పట్టడం లేదని లోపలి తెల్ల థర్మోకోల్‌ని కత్తితో తవ్వకండి. దెబ్బ తగిలినప్పుడు నలిగి తలని కాపాడేది అదే. చోటు లేకపోతే హెల్మెట్ మార్చండి, ఐఎస్ఐ మార్కుది.

నేనైతే ఎడమ చెవికి ఒక్క స్పీకరే పెడతాను. దాటేవాళ్లు కుడి పక్కన దాటుతారు, ఆ చెవి ఖాళీగా ఉండాలి. ఫోన్ సెట్టింగుల్లో మోనో ఆడియో అని ఉంటుంది, ఆన్ చేస్తే రెండు పక్కల పాటా ఒక్క చెవికే వస్తుంది. స్పీడు 80 దాటితే హెల్మెట్ లోపల గాలి హోరే 90 డెసిబెళ్లు దాటుతుంది. దాని మీద పాట వినపడాలని వాల్యూమ్ పెంచుకుంటూ పోతే చెవుడు తెచ్చుకున్నట్టే. 60, 65లో వెళ్తే మాటలు స్పష్టంగా వినపడతాయి. కాజ టోల్ గేటు దాటాక రోడ్డు ఖాళీగా కనిపిస్తే చెయ్యి ఊరుకోదని తెలుసు. అప్పుడు పాట వినపడదు, అంతే.

బావగారు ఈసారి వచ్చేటప్పుడు 'శాటిలైట్ ఫోన్ తేనా, శాటిలైట్ మెసేజి పరికరం తేనా' అంటే వద్దనండి. లైసెన్సు లేకుండా శాటిలైట్ ఫోన్ మన దేశంలోకి తేవడం నేరం, ఎయిర్‌పోర్టులోనే ఇరుక్కుంటారు. ఈ రేడియో సెట్టు వినడానికే తప్ప పంపడానికి కాదు కాబట్టి దాని గొడవ వేరు.

ఆ సెట్టుని ఇక్కడ విప్పి పాడుచెయ్యకుండా ఆయనతోనే వెనక్కి పంపండి. పంపేటప్పుడు యాంటెన్నా, డాకు, అడాప్టరు మూడూ కలిపి ఒకే సంచీలో పెట్టండి. అడాప్టరు మీ దగ్గర ఉండిపోతే అక్కడ కూడా అది పలకదు.